ముందు మానిటర్ చెప్పు తమ్మీ

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగి పార్క్‌లేన్‌లోకి నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. సొంతంగా విడిభాగాలు ఎంచుకుని కంప్యూటర్ కట్టించుకోవాలనుకునే హైదరాబాదీలకు పాత చిరునామా అది. ఎక్కడ చూసినా చిన్న చిన్న షాపులు, వాటి బయట మనిషెత్తున పేర్చిన క్యాబినెట్ డబ్బాలు, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే కుర్రాళ్లు. ఏ షాపులో అడిగినా ముందు చిన్న కాగితం మీద కొటేషన్ రాసిస్తారు. దాన్ని పట్టుకుని పక్క షాపుకు వెళ్లి ధర సరిచూసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

2024 వేసవిలో మా అక్క కొడుకును వెంటబెట్టుకుని వెళ్లాను. వాడికి ఇంటర్ అయిపోయింది. గేమ్స్ ఆడేందుకు, ఇంజనీరింగ్‌లో పనికొచ్చేందుకు మొదటి కంప్యూటర్ కొనాలి. మానిటర్‌తో కలిపి అరవై వేలు దాటొద్దని బావ చెప్పాడు. జగిత్యాలలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఆయనది. ఆ అరవై వేలు పోగవడానికి ఎన్నాళ్లు పట్టిందో నాకు తెలుసు కాబట్టి ఒక్క రూపాయి కూడా దండగ కాకూడదన్నదే నా పట్టుదల.

దారిలోనే వాడు ఫోన్‌లో ఒక ప్రకటన చూపించాడు. "మామా, ఐ7 అంట, పదహారు జీబీ ర్యామ్, నాలుగు జీబీ గ్రాఫిక్ కార్డు. అన్నీ కలిపి ఇరవై రెండు వేలే!" అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: కోర్ ఐ7-2600, జీటీ 730. మొదటిది 2011లో వచ్చిన ప్రాసెసర్, రెండోది 2014 నాటి కార్డు. విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతేమో 2025 అక్టోబరుతో అయిపోయింది. ఇక నాలుగు జీబీ మెమరీ ఉన్నంత మాత్రాన కార్డుకు వేగం రాదు. బొమ్మను గీసే చిప్ బలహీనమైతే పక్కన ఎంత మెమరీ పెట్టినా లాభం లేదు. ఇలాంటి ప్యాకేజీలకు మోసపోయేది ఎక్కువగా ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు, వాళ్లను నమ్మి డబ్బిచ్చే తండ్రులు. నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఇది.

మేం వెళ్లిన షాపు యజమాని మాత్రం ప్రాసెసర్ పేరెత్తలేదు. "ఏం గేమ్స్ ఆడ్తవ్? ముందు మానిటర్ చెప్పు తమ్మీ" అన్నాడు. వాలొరెంట్, జీటీఏ ఫైవ్, వీలైతే సైబర్‌పంక్ అన్నాడు మావాడు. "అయితే 1080పీ, 144 హెర్ట్జ్ చాలు. దానికి తగ్గట్టు కార్డు, కార్డుకు తగ్గట్టు ప్రాసెసర్."

కొనడంలో సరైన వరస ఇదేనని నా నమ్మకం. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు అరవై బొమ్మలే చూపగలదు. వెనకాల యంత్రం రెండు వందలు తయారుచేస్తున్నా కంటికి ఆ తేడా పూర్తిగా అందదు. అలాగని 4కే మానిటర్ కొంటే 1080పీకి నాలుగింతల చుక్కలు నింపాలి, ఈ బడ్జెట్‌లో దొరికే కార్డుకు అది తలకు మించిన పని. తెర ఏదో తేలాక మిగతా లెక్క దానంతటదే తేలుతుంది.

కార్డుల దగ్గర కొంత వాదన నడిచింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ తీసుకుంటే కొన్ని వేలు మిగులుతాయన్నాడు పక్క షాపాయన. దానికి నాలుగు జీబీ మెమరీ, మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగే లేన్లు. మేం తీసుకోబోయే బీ450 బోర్డులో ఉండేది పీసీఐఈ 3.0, అందులో ఆ నాలుగు లేన్లు బాగా ఇరుకైపోతాయి. ఆర్‌ఎక్స్ 6600కు ఎనిమిది జీబీ, ఎనిమిది లేన్లు, తినే కరెంటు 132 వాట్లు. అదే ఖాయం చేశాం. బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు దానికే పోయింది, పోవాలి కూడా. సెకండ్ హ్యాండ్ కార్డులూ కనిపించాయి. 2022 సెప్టెంబరులో క్రిప్టో కరెన్సీ ఇథీరియం పద్ధతి మార్చుకుని గ్రాఫిక్ కార్డులతో దాని మైనింగ్ ఆగిపోయాక అలాంటివి మార్కెట్లోకి చాలా వచ్చాయి. చూసి కొనగలిగినవాళ్లకు అవి చవక బేరాలే, కానీ మొదటిసారి కొనే పిల్లాడికి వారంటీ లేని వస్తువు ఇప్పించడం నాకిష్టం లేదు.

ప్రాసెసర్‌కు రైజెన్ 5 5600 తీసుకున్నాం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కూలర్ డబ్బాలోనే వస్తుంది. ఐ3-12100ఎఫ్ ఇంకా చవక, ఆటలకు పనికొస్తుంది కూడా, కానీ నాలుగే కోర్లు. బోర్డు డబ్బా మీద ‘రైజెన్ 5000 రెడీ’ స్టిక్కర్ ఉందో లేదో యజమాని చూసిచ్చాడు. పాత బయోస్‌తో ఉన్న బోర్డు అంటగడితే ఇంటికెళ్లాక ఈ ప్రాసెసర్‌తో తెర వెలగకపోవచ్చు. ర్యామ్ ఎనిమిది జీబీవి రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఒకటి.

ఇక్కడికి వచ్చేసరికి మావాడు డబ్బు ఎక్కడ మిగల్చాలా అని చూస్తున్నాడు. అద్దం తలుపు, రంగు ఫ్యాన్ల క్యాబినెట్ మీద వాడి కన్నుంది. "ఎస్‌ఎంపీఎస్ మామూలుది చాలు కదన్నా?" అన్నాడు. యజమాని జవాబు చెప్పకుండా, కంప్యూటర్‌కు కరెంటు అందించే రెండు ఎస్‌ఎంపీఎస్‌లు తెచ్చి వాడి చెరో చేతిలో పెట్టాడు. ఒకటి ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. దాని మీద పెద్దగా 450 అని రాసి ఉంది. "కింద గడి చదువు" అన్నాడు. పన్నెండు వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. హెచ్చవేస్తే 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ బతికేది ఈ పన్నెండు వోల్టుల మీదే. కార్డుకు 132, ఒత్తిడి మీద ప్రాసెసర్‌కు 88 వరకు. ఇంకా ఫ్యాన్లు, బోర్డు లెక్కలోకి రాకముందే ఆ 216 అయిపోయింది. పైగా కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల వైరే అందులో లేదు.

రెండోది 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్. ఆ బ్రాంజ్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుందే తప్ప లోపలి రక్షణ ఏర్పాట్లకు హామీ కాదు. అందుకే గుర్తుతో పాటు కంపెనీ, ఆ మోడల్ మీద వచ్చిన పరీక్షలు, వారంటీ ఏళ్లు కూడా చూశాం. వోల్టేజీ ఎక్కేదీ దిగేదీ తెలియని మన ఊళ్లలో పోతే ముందు పోయేది ఎస్‌ఎంపీఎస్సే, నాసిరకందైతే పోతూ పోతూ మిగతావాటినీ తీసుకుపోతుంది. మావాడు ఆ గడిని మళ్లీ ఒకసారి చదివి, రంగు ఫ్యాన్ల క్యాబినెట్‌ను వాడే పక్కకు జరిపాడు. ముందువైపు గాలాడే జాలీ ఉన్నది ఎంచుకున్నాడు.

బిగింపు షాపులోనే, మా కళ్ల ముందే అయింది. ప్రాసెసర్ మూలన బంగారు రంగు త్రికోణం ఉంటుంది. దాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా పెట్టి వదిలేస్తే దానికదే కూర్చుంది. నొక్కితే పిన్నులు వంగుతాయట. ర్యామ్‌లు పక్కపక్కన కాకుండా రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి టిక్కుమని దిగాయి. అలా పెడితేనే మెమరీకి రెండు దారులు తెరుచుకుంటాయి. మానిటర్ వైరు బోర్డుకు పెట్టబోతే కుర్రాడు ఆపి గ్రాఫిక్ కార్డుకు పెట్టమన్నాడు. 5600లో గ్రాఫిక్స్ లేదు, బోర్డుకు పెడితే తెర నల్లగానే ఉంటుంది.

తెర వెలిగాక బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయించాం. అది చేయకపోతే 3200 వేగానికి డబ్బు కట్టిన ర్యామ్ అంతకంటే తక్కువకే నడుస్తుంది. విండోస్‌లో మానిటర్ 60 దగ్గరే ఉంది. 144కు మార్చమని మావాడికే ఇచ్చాను, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వాడే వెతుక్కుని మార్చాడు.

బిల్లు లేకుండా అయితే కొంత తగ్గుతుందని మధ్యలో ఒక మాట వచ్చింది. వద్దన్నాను. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించాం. కార్డుకు మూడేళ్ల వారంటీ ఉంది, ఆ నంబరు లేకపోతే అది ఈ కార్డేనని చెప్పడానికి ఆధారం ఉండదు. ఖాళీ డబ్బాలు కూడా పారేయకుండా జగిత్యాల బస్సులో వేశాం. మిగిలిన డబ్బులో మామూలు కీబోర్డు, మౌస్ వచ్చాయి.