ఎడమచెయ్యి దిగే మెట్లు

మా హాల్లో కిటికీ పక్కన ఒక డిజిటల్ పియానో ఉంది. అమ్మాయి కోసం కొన్నది. ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇంటర్ దాకా వాయించింది, గ్రేడు పరీక్షలకు వెళ్లింది. తర్వాత ఇంజనీరింగ్ అంది, ఎమ్మెస్ అంది, అమెరికా వెళ్లిపోయింది. పియానో ఉండిపోయింది. దుమ్ము పడకుండా నా పాత చీర ఒకటి మడిచి దాని మీద కప్పాను. ఆ పైన కరెంటు బిల్లులు, శుభలేఖలు, మందుల సంచి చేరాయి.

అమ్మ పోయిన ఏడాది, మాసికాలు నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆ సరంజామా అంతా దించి, చీర తీసి, స్విచ్చి వేశాను. ఇంట్లో ఎవరూ లేరు. పొద్దుటి నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నడిమధ్యలో ఒక మెట్టు నొక్కాను. స్వరం గట్టిగా మొదలై, సన్నబడి, ఫ్రిజ్ రొదలో కలిసిపోయేదాకా వేలు తియ్యలేదు. మళ్లీ నొక్కాను. నేను లేచేసరికి వీధి దీపాలు వెలిగాయి. చాలా రోజుల తర్వాత ఆ పూట ఆకలేసింది.

చిన్నప్పుడు నేను నేర్చుకున్నది గాత్రం. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలు, గీతాలు, రెండు వర్ణాలు. పెళ్లితో ఆగిపోయింది. మెట్ల వాయిద్యాలంటే మా మాస్టారికి గిట్టేది కాదు. గమకం పలకనిదాంట్లో సంగీతం ఎక్కడుంటుందనేవారు. ఆయన చెప్పిన లోటు నిజమే. వీణ మీద తీగ లాగి స్వరాన్ని ఊపవచ్చు. గొంతులోనైతే నిలబెట్టి, పెంచి, తగ్గించి, పక్క స్వరాన్ని తాకించి తేవచ్చు. పియానోలో అది కుదరదు. మెట్టు నొక్కగానే లోపల ఉన్ని చుట్టిన చిన్న సుత్తి లేచి, తీగను కొట్టి, వెనక్కి పడిపోతుంది. ఆ క్షణం నుంచి స్వరం మన చేతిలో ఉండదు. పెంచలేం, వంచలేం. పుట్టిన దగ్గర్నుంచీ అది తరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లోది తీగలు లేని యంత్రమే అయినా, అసలు పియానో ఎలా తరుగుతుందో అలాగే తరిగేట్టు చేశారు దాన్ని.

ఆ సుత్తిని కనిపెట్టింది బార్తొలొమేయో క్రిస్తోఫోరి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో, మెదిచీ రాకుమారుడి కొలువులో వాయిద్యాలు చేసేవాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కితే ఒక చిన్న ముల్లు తీగను మీటేది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా దాదాపు ఒకటే మోత. క్రిస్తోఫోరి ముల్లు తీసి సుత్తి పెట్టాడు. దాంతో వేలి బరువు స్వరంలో తెలియడం మొదలైంది. అందుకే 'మెల్లగానూ గట్టిగానూ' పలికేదని దానికి పేరు వచ్చింది. వాడుకలో ఆ పేరు అరిగి అరిగి చివరికి పియానో, అంటే 'మెల్లగా', అన్న మాట ఒక్కటే మిగిలింది. మనసు బాగాలేని రోజున దాని ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ పేరు సరైనదే అనిపిస్తుంది. మనం ఎంత మెల్లగా ముట్టుకున్నా అది పలుకుతుంది. ఒంట్లో ఓపిక లేకపోతే ఓపిక లేనట్టే పలుకుతుంది.

అమ్మాయి క్లాసులప్పుడు పక్కన కూర్చుని, అయిదు గీతల మీద గుండ్రాలు లెక్కపెట్టి స్వరం పోల్చుకోవడం నేనూ నేర్చుకున్నాను. దాని పుస్తకాలన్నీ అరలోనే ఉన్నాయి. ఒక పేజీలో టీచరు పెన్సిలుతో రాసిన మాట కనిపించింది. మోగిన స్వరం చివరిదాకా విని, అది ఎంత మిగిలిందో చూసుకుని, అంతే బరువుతో తర్వాతి స్వరం వెయ్యమని. పియానో వాయించడంలో రహస్యమంతా ఇందులోనే ఉందని నాకు తర్వాత అర్థమైంది. ఆరిపోతున్న స్వరాన్ని ఆపలేం. అది పూర్తిగా ఆరిపోకముందే పక్కన మరొకటి పెట్టగలం. అలా పెడుతూ పోతే వినేవాళ్లకు అది తెగని పాట.

ఫోన్‌లో అమ్మాయిని అడిగాను, నాలాంటిదానికి వచ్చే పాట ఏదైనా చెప్పమని.

"షోపాన్ నాలుగో ప్రెల్యూడ్ చూడమ్మా. కుడిచేతికి పెద్ద పని లేదు. ఎడమచెయ్యి జాగ్రత్త."

ఫ్రెదెరిక్ షోపాన్ ఇరవై నాలుగు ప్రెల్యూడ్లు రాశాడు, ఒక్కో శ్రుతికి ఒకటి చొప్పున. 1838 చలికాలంలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవికి వెళ్లి, వాల్దెమోస్సా అనే కొండ ఊళ్లో పాత మఠం గదుల్లో ఉండి, వాటిని పూర్తి చేశాడు. అప్పటికే ఒళ్లు బాగాలేదు, విడవని దగ్గు. పారిస్ నుంచి రావలసిన మంచి పియానో సుంకాల దగ్గర చిక్కుకుపోయింది. అక్కడ దొరికిన నాసిరకం పియానో మీదే చాలావరకు పని చేసుకున్నాడు. తనది చేతికొచ్చిన కొద్ది వారాలకే దీవి వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1849లో ముప్పై తొమ్మిదేళ్లకే పోయాడు. పారిస్‌లో మాదలేన్ చర్చిలో జరిగిన అంత్యక్రియల్లో ఈ నాలుగో ప్రెల్యూడ్‌ను ఆర్గన్ మీద వాయించారు.

పాట చాలా చిన్నది. నిలువు గీతలతో విడదీసిన గడులు మొత్తం ఇరవై అయిదు. రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఆధార శ్రుతిని షడ్జం అనుకుంటే కుడిచెయ్యి పంచమం మీద నిలబడుతుంది. పక్కనే ఉన్న శుద్ధ ధైవతాన్ని ఒకసారి తాకి మళ్లీ పంచమానికి వస్తుంది. ప... ద ప... ద ప... మొదటి మూడు గడుల్లో కుడిచెయ్యి చేసేది అంతే. కదిలేది ఎడమచెయ్యి. మూడు స్వరాలు కలిపిన కార్డు, గడికి ఎనిమిది సార్లు, గుండె కొట్టుకున్నట్టు. ఆ మూడింటిలో ఒకటో రెండో వేళ్లు పక్క మెట్టు మీదికి జారుతాయి, మిగతాది అలాగే ఉంటుంది. కాసేపటికి ఇంకో వేలు. అలా అర స్వరం చొప్పున కిందికి, ఇంకా కిందికి. పైన పాట నిలబడే ఉంటుంది, కింద నేల మాత్రం మెట్టు మెట్టుగా దిగిపోతూ ఉంటుంది.

మొదటిసారి ఆ మూడు గడులు తప్పుల్లేకుండా వచ్చిన రోజున నాకు పెద్దమ్మ గుర్తొచ్చింది.

అమ్మ పోయిందని తెలిసి పెద్దమ్మ ఊరి నుంచి వచ్చింది. గుమ్మంలో అడుగు పెడుతూనే రాగం తీసింది. మా వైపు దాన్ని శోకాలు పెట్టడం అంటారు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్న సంగతి, పుట్టింటి గేదె తప్పిపోతే చెల్లెలు చెరువుగట్టు దాకా పరుగెత్తిన సంగతి, పోయిన వేసవిలో కలిసి ఆవకాయ పెట్టిన సంగతి, ఒక్కొక్కటే చెప్పుకుంటూ ఏడ్చింది. ప్రతి మాటా రెండే స్వరాల మధ్య ఊగేది, చివర్లో కిందికి జారేది. గంటసేపు అలా ఏడ్చి, లేచి మొహం కడుక్కుని, పిల్లలు తిన్నారా అని అడిగింది. నేను స్తంభంలా నిలబడి ఉన్నాను. నాకు కన్నీళ్లూ రాలేదు, రాగమూ రాలేదు. పట్నంలో ఫ్లాట్ల మధ్య గొంతెత్తి ఏడవడం ఏనాడో మరిచిపోయాను.

ఆ రెండు స్వరాల ఊపు నా కుడిచేతి వేళ్ల కింద దొరికింది. ఎప్పుడో ఎక్కడో పుట్టినవాడు రాసిన పాటలో మా పెద్దమ్మ శోకం ఉందని నేననను. మనిషి గొంతు దుఃఖంలో ఎక్కువ స్వరాలు తిరగలేదు. ఆ సంగతి పెద్దమ్మకు తెలుసు, షోపాన్‌కూ తెలుసు.

పన్నెండో గడిలో ఎడమచెయ్యి కాస్త ఆగుతుంది. పాట మళ్లీ మొదటికి వస్తుంది. ఈసారి పదహారో గడి దగ్గర 'స్ట్రెట్టో' అని రాసి ఉంటుంది, అంటే తొందరపడమని. అక్కడ స్వరం పెరిగి, ఉవ్వెత్తున లేచి, విరిగి పడుతుంది. తర్వాత తగ్గుముఖం. ఒక కార్డు దగ్గర అంతా ఆగిపోతుంది. ఆ మౌనం ఎంతసేపన్నది వాయించేవాళ్ల ఇష్టం. ఆఖర్న మంద్రంలో మూడు కార్డులు, వినీ వినపడనట్టు.

"దిగులుగా ఉన్నప్పుడు హుషారైనవి పెట్టుకోవాలి గాని, ఏడుపు పాటలు వాయిస్తే దిగులు ఇంకా పెరగదా?" అని మా చెల్లి అడిగింది. మంచి పాటలు పెట్టుకుని చూశాను. విన్నంతసేపూ ఆలోచన తన దారిన తను సాగేది. వాయించేటప్పుడు అలా కాదు. ఎడమచేతి మధ్యవేలు ఎప్పుడు జారాలో చూసుకోవాలి, కుడికాలు పెడల్ ఎప్పుడు వదలాలో వినాలి. పది వేళ్లకూ పని ఉంటే మనసు వాటి వెనకే నడుస్తుంది. పైగా ఆ పాటలో నా దిగులు లాంటిదే ఒకటి ఉంది. దానికి మొదలు ఉంది, నడుమ పొంగు ఉంది, ఇరవై అయిదో గడి ఉంది. నాది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. దీన్ని మాత్రం ఈ చివర్నుంచి ఆ చివరికి నా చేతులతో నేను దాటించగలను.

ఈ మాట నాకంటే ఎంతో పెద్ద కష్టంలో తెలుసుకున్న మనిషి ఒకరున్నారు. ఆలిస్ హెర్జ్ సోమర్, ప్రాగ్ నగరంలో పియానో కళాకారిణి. 1942లో నాజీలు ఆమె ముసలితల్లిని తీసుకుపోయారు. ఏం చేయాలో దిక్కుతోచని ఆ రోజుల్లో, షోపాన్ రాసిన ఇరవై నాలుగు ఎత్యూడ్లు, అంటే సాధన పాటలు, నేర్చుకోమని లోపలి నుంచి ఎవరో చెప్పినట్టయిందని ఆమె తర్వాత చెప్పారు. పియానోకు రాసిన అతి కష్టమైన పాటల్లో అవి చేరతాయి. రోజూ గంటల తరబడి సాధన చేశారు. 1943లో ఆమెనూ, భర్తనూ, ఆరేళ్ల కొడుకునూ తెరెజియెన్‌స్టాట్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ తోటి బందీల కోసం వందకు పైగా కచేరీలు చేశారు. భర్త తిరిగి రాలేదు, కొడుకు దక్కాడు. ఆమె 2014లో, 110 ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూశారు. తల్లి పోయిన దుఃఖానికి ఆమె తేలికైన పాట వెతుక్కోలేదు. దుఃఖమంత బరువైన పనే ఎత్తుకున్నారు.

ఒక మాట చెప్పాలి. పియానో మందు కాదు. నాలుగు నెలలపాటు నిద్ర లేక, పొద్దున్నే లేవబుద్ధి కాక ఉన్నప్పుడు నేను డాక్టరు దగ్గరికి వెళ్లాను, మందులు వాడాను. వెళ్లడం మంచిదయింది. అయితే మందు పనిచేసే లోపల కూడా రోజులు గడవాలి. ఒక్కో సాయంత్రం ఒక్కో గడి నేర్చుకుంటూ ఆ రోజులు గడిపాను.

మొన్న జనవరిలో అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ మంచు, నాలుగున్నరకే చీకటి, వెతుకుతున్న ఉద్యోగం రాలేదు. గొంతు నీరసంగా ఉంది. తిన్నావా అన్నాను, స్వెటర్ వేసుకున్నావా అన్నాను. ఇంకేం అడగాలో తోచలేదు. అప్పుడు బేతోవెన్ కథ ఒకటి గుర్తొచ్చింది. దొరొతేయా ఫాన్ ఎర్ట్‌మన్ అనే పియానో కళాకారిణికి బిడ్డ పోయింది. బేతోవెన్ ఆమెను పిలిపించుకుని, ఓదార్పు మాటలకు బదులు పియానో ముందు కూర్చుని, గంటకు పైగా వాయించాడట. చాలా ఏళ్ల తర్వాత, 1831లో మిలాన్‌లో ఆమే ఈ సంగతి స్వరకర్త మెండెల్‌సన్‌కు చెబితే, ఆయన ఇంటికి రాసిన ఉత్తరంలో పెట్టాడు.

ఫోను పియానో మీద పెట్టాను. "ఏం మాట్లాడకు, విను" అన్నాను. ఎడమచెయ్యి మెట్లు దిగడం మొదలుపెట్టింది. పదహారో గడిలో ఒక వేలు తప్పింది, ఆగకుండా వెళ్లిపోయాను. మౌనం దగ్గర అవతలి నుంచి ఊపిరి వినిపించింది. చివరి మూడు కార్డులు వేసి, మోత పూర్తిగా ఆరిపోయాక పెడల్ మీంచి కాలు తీశాను.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"అమ్మా" అంది. "ఆ ఆఖరి మూడూ ఇంకోసారి."

మళ్లీ కాలు పెడల్ మీద పెట్టాను.