చెప్పు రబ్బరు మీద మిరప కోత ఆటో

మా పాప ఏడో తరగతి. మిరప కోతల రోజుల్లో స్కూలు బస్సు కిటికీలోంచి రోజూ చూసేది కూలీలతో కిక్కిరిసిన ఆటోలనే. సంక్రాంతి సెలవుల్లో అరిగిపోయిన హవాయి చెప్పు రబ్బరు మీద ఆ ఆటో బొమ్మ గీసింది. నేను పక్కన కూర్చుని చెక్కించాను. స్టాంప్ ప్యాడ్ సిరా అద్ది కాగితం మీద నొక్కితే ఆటో వచ్చింది కానీ, వెనక రాసిన ‘మాచర్ల’ తిరగబడింది. అద్దంలో చూసుకుంటూ ఇంకో ముక్క మీద మళ్లీ చెక్కింది.

మా అత్తగారు ఒకప్పుడు కోతలకు వెళ్లిన మనిషి. బొమ్మ చూసి, “ఎనిమిది మందే ఉండారేందే? మేం పద్నాలుగు మందిమి ఎక్కేవాళ్లం” అన్నారు. పాప ఇంకో ఆరు తలలు చెక్కింది. రెండు తలలు ఆటో బయటే ఉండిపోయాయి.

ఇరవై కాపీలు వేసి, ఒకటి మా వీధిలో ఆటో నడిపే అతనికి ఇచ్చింది. అతను తలలు లెక్కపెట్టి, “తక్కువ మందిని ఎక్కిస్తే డీజిలు ఖర్చు కూడా రాదమ్మా” అన్నాడు. సాయంత్రం పాప మమ్మల్ని అడిగింది: “మరి చేను వాళ్లు ఇంకో ఆటో ఎందుకు పెట్టరు?” మేమూ కౌలుకు మిరప వేసేవాళ్లమే. మిగిలిన కోతలకు రెండు ఆటోలు మాట్లాడాం. పెరిగిన ఖర్చు ఎక్కడ సర్దాలో మావారు ఇంకా లెక్కలు వేస్తున్నారు.

అచ్చుబొమ్మ బలం ఇదే. గోడకు తగిలించే చిత్రం ఒక్కటే ఉంటుంది. అచ్చుబొమ్మ ఒకసారి చెక్కితే పదిమంది చేతుల్లోకి వెళ్తుంది, పదిమంది చేత మాట్లాడిస్తుంది.

ఈ కళలో ప్రపంచం మెచ్చిన మన తెలుగువారు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, తర్వాత శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. చిక్కదనంలో తేడా ఉన్న సిరాలు ఒకదానిలో ఒకటి కలవకుండా, ఒకే లోహపు రేకు మీద అనేక రంగులు అచ్చువేసే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఆయన ముఖ్యులు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చిన ఏడాదే ‘డెమాన్‌స్ట్రేటర్స్’ అనే అచ్చుబొమ్మ చేశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు.

మీ పిల్లలకు అంత సరంజామా అక్కర్లేదు. సగానికి కోసిన బంగాళదుంప చాలు. పువ్వులతో పాటు, రోజూ దారిలో కనిపించేది కూడా వేయమనండి. ఆ బొమ్మలో ఉన్నవాళ్లకు ఒక కాపీ ఇచ్చి, వాళ్లేమంటారో విని రమ్మనండి.