మైత్రీవనం మోరీ నుంచి హంసలదీవి దాకా

మేము గూడెం మనుషులం. అడవి, వాగు, పోడు, సంత - మా పెద్దల మాటలన్నీ వీటి చుట్టూ తిరిగేవే. సముద్రం మాకు బడి గోడకు తగిలించిన మ్యాపులో నీలం రంగు. అందుకే ఈ పుస్తకానికి సముద్రపు ఒడ్డును కాపాడేవాళ్ళ గురించి రాస్తామంటే తోటి టీచర్లు కొందరు నవ్వారు. "మన అడవి గురించి రాయడానికే పేజీలు చాలవు, సముద్రం మనకెందుకు?" అన్నారు. ఇదే మాట హైదరాబాద్ మైత్రీవనంలో మా పాత విద్యార్థులు కూడా అడిగారు. ఇద్దరికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాం.

మేము అంటే ముగ్గురం. ఒకే డైట్‌లో డీఎడ్ చదివి, భద్రాచలం ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పనిచేస్తున్న కోయ టీచర్లం. 2008 డీఎస్సీ కోచింగ్‌కు కృష్ణా జిల్లా అవనిగడ్డ పోయాం. ఆ రోజుల్లో టీచర్ ఉద్యోగం కావాలనుకున్న ప్రతివాళ్ళ నోటా అవనిగడ్డ పేరే. అక్కడినుంచి కోడూరు మీదుగా పోతే హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఒక ఆదివారం పోయి మొదటిసారి సముద్రాన్ని చూశాం. ఉద్యోగాలు వచ్చాక కూడా ఆ దారి మర్చిపోలేదు. సెలవులు దొరికినప్పుడల్లా పోతూనే ఉన్నాం.

ఒక ఫిబ్రవరిలో పోయినప్పుడు తాబేళ్ళ కాపలా చూశాం. ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి వందకు అటూ ఇటూగా పెడుతుంది. పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి చూడకుండా నీళ్ళలోకి పోతుంది. ఆ తర్వాత గుడ్ల కోసం నక్కలు, కుక్కలు, అడవి పందులు తిరుగుతుంటాయి. అందుకని అటవీ శాఖ, తీరం ఊళ్ళ మనుషులు కలిసి గుడ్లను తీసి, కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టి కాపలా కాస్తారు. మేము చూసిన కాపలా బృందంలో మత్స్యకార యువకులున్నారు, యానాదులున్నారు. యానాదులు అంటే మనలాగే షెడ్యూల్డ్ తెగ. నెల్లూరు నుంచి కృష్ణా దాకా తీరంలో, ఏటి ఒడ్డుల్లో బతికే మన అన్నదమ్ములు.

వాళ్ళలో ఒక పెద్దాయన వెంట తెల్లవారుజామున నడిచాం. ఇసుక మీద ట్రాక్టరు టైరు పోయినట్టు ఒక జాడ. నీళ్ళనుంచి పైకి వచ్చి, మళ్ళీ నీళ్ళలోకి పోయింది. పెద్దాయన ఆ జాడ మలుపు తిరిగిన చోట ఆగి, సన్నని కర్రతో ఇసుకను మెల్లగా తడిమాడు. ఒకచోట కర్ర కాస్త మెత్తగా దిగింది. చేతులతో ఇసుక తీస్తే తెల్లటి గుడ్లు.

"అక్కడే ఉన్నాయని ఎట్లా తెలిసింది బాబాయ్?" అని అడిగాం.

"చెయ్యి చెబుద్ది మాస్టారూ" అన్నాడు.

గుడ్డు పైభాగం పైకే ఉండేట్టు, ఎక్కడా తిరగబడకుండా ఒక్కొక్కటే తీశాడు. తిరగబడితే లోపలి పిల్ల బతకదట. లెక్కపెట్టి, కంచె లోపల కుండ ఆకారంలో తీసిన గుంతలో పెట్టి, ఇసుక కప్పి, తేదీ, సంఖ్య రాసిన పుల్ల గుచ్చాడు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. పిల్ల తాబేలు వెలుగును చూసి సముద్రం వైపు పాకుతుంది. ఒడ్డున కరెంటు దీపాలుంటే దారి తప్పి ఊరి వైపు పోతుంది. ఇదంతా సైన్సు పుస్తకాల్లో ఉంది. కానీ జాడ చూసి గూడు ఎక్కడో చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

నడుస్తూ నడుస్తూ ఆయన ఇసుకలోంచి ప్లాస్టిక్ ఏరి గోనెసంచిలో వేసుకున్నాడు. నూనె ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, టీ కప్పులు, వల ముక్కలు. గుడ్లు పెట్టేందుకు వచ్చిన తల్లి కాళ్ళకు వల చుట్టుకుంటే అక్కడే చస్తుందని చెప్పాడు. "ఇయ్యన్నీ మా ఊళ్ళోయి కావు మాస్టారూ. ఏరు మోసుకొచ్చినయ్యి. వరదలొచ్చిపోతే చాలు, ఒడ్డంతా ఇయ్యే" అన్నాడు.

ఏరు ఎక్కడినుంచి మోసుకొచ్చింది? మైత్రీవనం సంగతి ఇక్కడే వస్తుంది.

అమీర్‌పేట మైత్రీవనం తెలియని ఆదివాసీ యువకుడు ఇప్పుడు తక్కువ. డిగ్రీ, బీటెక్ అయిపోగానే సంచి సర్దుకుని అక్కడికే. ఒకప్పుడు జావా, టెస్టింగ్. ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్. గోడలనిండా కోచింగ్ ఫ్లెక్సీలు, చేతిలో కుక్కే కరపత్రాలు, సందుసందుకూ హాస్టళ్ళు, టిఫిన్ బండ్లు, టీ కొట్లు. మా విద్యార్థులు ఎనిమిది మంది అక్కడ ఉన్నారు. పోయిన ఏడు వాళ్ళను చూసొద్దామని పోయాం. సాయంత్రం క్లాసులు వదిలే వేళకు పెద్ద వాన కొట్టింది. రోడ్డు మీద నీళ్ళు మోకాళ్ళ దాకా. తాగి పారేసిన కప్పులు, టిఫిన్ కవర్లు, నీళ్ళ సీసాలు అన్నీ తేలుతూ మోరీలోకి పోతున్నాయి.

ఆ మోరీ దారి పిల్లలకు చెప్పాం. అమీర్‌పేట, పంజాగుట్ట వాన నీళ్ళు నాలాల్లో పడి హుస్సేన్ సాగర్‌కు పోతాయి. 1562లో మంచినీళ్ళ కోసం కట్టిన చెరువు అది. ఆ చెరువు పొంగితే నీళ్ళు మూసీలో పడతాయి. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల దాటి, విజయవాడ ప్రకాశం బ్యారేజీ దాటి, అవనిగడ్డ పక్కనుంచి హంసలదీవికి పోతుంది. మైత్రీవనంలో పారేసిన ప్రతి కప్పూ సముద్రం చేరుతుందని కాదు. చెరువు దగ్గర కొంత, ఆనకట్టల దగ్గర కొంత ఆగుతుంది. వరదొచ్చి గేట్లెత్తితే ఆగినది మళ్ళీ కదులుతుంది. ఆ గోనెసంచిలోని కప్పు ఏ బండి దగ్గరిదో ఎవరూ చెప్పలేరు. దారి మాత్రం ఒక్కటే.

మా పిల్లలు ఊరికే తలూపే రకం కాదు. మూడేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతున్న ఒక అబ్బాయి, "సార్, ఫీజు అప్పు తీరలేదు. హాస్టల్‌కు రెండు నెలల బాకీ. తాబేలు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. అది న్యాయమైన మాటే. అప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "సార్, ఆ కాపలా కాసేవాళ్ళకు జీతం ఉందా?"

అసలు అడగాల్సిన ప్రశ్న అదే. పెద్దాయనకు సీజన్లో రోజు కూలి. సీజన్ అయిపోతే పీతలు, చేపలు. ఆయన చేతికి తెలిసిన చదువుకు సర్టిఫికెట్ లేదు.

2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో పెద్ద ఎత్తున తీరం శుభ్రం చేశారు. ఆర్కే బీచ్ వైపు నుంచి భీమిలి దాకా 28 కిలోమీటర్లు, 20 వేల మందికి పైగా జనం. ఒక్క పూటలో 76 టన్నుల చెత్త తీశారని ప్రకటించారు. మంచిపనే. అంత చెత్త ఉందని జనానికి కళ్ళారా తెలిసింది. కానీ సముద్రం ప్రతిరోజూ వస్తుంది, చెత్త ప్రతిరోజూ వస్తుంది. ఫొటోలు తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోయాక మర్నాడు ఉదయం ఒడ్డున నడిచేది ఎవరు? కడుపు నిండినవాళ్ళు ఒకరోజు చేస్తే దానికి స్వచ్ఛంద సేవ అని పేరు. యానాది ఏటేటా చేస్తే దానికి కూలి పని అని పేరు. ఈ తేడాను మనం ఒప్పుకోకూడదు.

కాపాడటం అనే మాటంటే మనకు భయం కూడా ఉంది. అభయారణ్యం అని బోర్డు పెట్టినచోటల్లా ముందు కదలాల్సింది మనమే అని మన గూడేలకు తెలుసు. యానాదులకూ తెలుసు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నాక, ఆ దీవి అడవిని నమ్ముకున్న యానాది కుటుంబాలు తమ చోట్లు వదలాల్సి వచ్చింది. అందుకే యువత ఒక సంగతి చదివి గుర్తుపెట్టుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాల కోసమే కాదు. చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కును కూడా అది గుర్తిస్తుంది. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఉందని ఐదో సెక్షన్ చెబుతుంది. మడ అడవి కూడా అడవే. అక్కడ కాపలా కాసే యానాది కూలివాడు కాదు, హక్కుదారు.

మడ అడవుల సంగతి కూడా చెప్పాలి. ఏటి మంచినీళ్ళూ సముద్రపు ఉప్పునీళ్ళూ కలిసే బురదలో మడ, తిల్ల, ఉప్పు పొన్న చెట్లు పెరుగుతాయి. వాటి వేళ్ళ మధ్య రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. ఉప్పెన వస్తే అలల ఊపును ఆ చెట్లు తగ్గిస్తాయి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమలో వేలాది మంది పోయారు. అవనిగడ్డలో మేము అద్దెకున్న ఇంటి ముసలమ్మ ఆ రాత్రి గురించి చెబుతూ ప్రతిసారీ మధ్యలో ఆగిపోయేది. 1990ల చివరినుంచి కృష్ణా, గోదావరి ముఖాల దగ్గర ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరి కమిటీలు కలిసి పాడైన మడ అడవిని మళ్ళీ పెంచాయి. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. పెద్ద కాలువ నడుమ, పిల్ల కాలువలు రెండు పక్కలా. పోటుకు నీళ్ళు లోపలికొచ్చి, పాటుకు తిరిగిపోతుంటే నేలలో పేరుకున్న ఉప్పు తగ్గుతుంది. అప్పుడు మొక్క నిలుస్తుంది. ఆ కాలువలు ఊరివాళ్ళే తవ్వారు.

పగడపు దిబ్బలు మన దగ్గర లేవా అని పిల్లలు అడుగుతారు. పగడం రాయి కాదు, చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న గూడెం. దానికి తేటనీళ్ళు, ఎండ కావాలి. కృష్ణా, గోదావరి తెచ్చే ఒండ్రుతో మన తీరంలో నీళ్ళు మబ్బుగా ఉంటాయి కాబట్టి పెద్ద దిబ్బలు లేవు. విశాఖ వైపు నీటి అడుగు రాళ్ళను పట్టుకుని కొన్ని పగడాలున్నాయి. అక్కడ ఈతగాళ్ళు మునిగి, రాళ్ళకు చుట్టుకున్న పాత వలలు కోసి తెస్తున్నారు. పెద్ద దిబ్బలు చూడాలంటే తమిళనాడు మన్నార్ సింధుశాఖకు పోవాలి. అక్కడ పాంబన్ దీవి చిన్నపాలెంలో ఆడవాళ్ళు నీటి అడుగున సముద్రపు నాచు తెంపి బతుకుతారు. పగడాలు విరగకుండా, నాచు మళ్ళీ పెరిగేట్టు, నెలకు 12 రోజులే తెంపాలని వాళ్ళే కట్టుబాటు పెట్టుకున్నారు. వాళ్ళకు ముందు నిలిచిన లక్ష్మి అనే ఆమెకు 2015లో సీకాలజీ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

ఈ కట్టుబాటు మనకు కొత్తదా? మామిడి పండుగ చేయకుండా మామిడికాయ తెంపం. కొత్తల పండుగ కాకుండా కొత్త గింజ నోట్లో వేయం. కాయ ముదరాలి, విత్తనం నిలవాలి, ఆ తర్వాతే మనిషి నోరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకు పోకూడదని ప్రభుత్వం పెట్టిన 61 రోజుల నిషేధంలో ఉన్నదీ ఇదే నీతి. మన పెద్దలు దాన్ని పండుగగా చేసుకున్నారు, ప్రభుత్వం జీవోగా ఇచ్చింది. సముద్రం మనది కాదు అనేవాళ్ళకు మా జవాబు ఇదే. అక్కడ కాపలా కాసే పద్ధతి మనదే, కాసేవాళ్ళలో మనవాళ్ళున్నారు, పాడుచేసే నీళ్ళు మనం ఉంటున్న చోటునుంచీ పోతున్నాయి.

మైత్రీవనం పిల్లలకు మేము పెద్ద పనులేమీ చెప్పలేదు. ముందు ఉద్యోగం తెచ్చుకోండి, అప్పు తీర్చుకోండి అన్నాం. జీతం గురించి అడిగిన అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. ఏ గూడు ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని గుడ్లు అని ఫోనులోనే తెలుగులో నింపుకునే ఫారం తయారుచేస్తానంది. అందులో మొదటి గడి గూడు కనిపెట్టిన మనిషి పేరుకట. "రాసి పెడితేనే కదా సార్, రేపు జీతం అడిగేటప్పుడు చూపించేది" అంది. హాస్టల్ గదిలో నలుగురు స్టీలు గ్లాసులు కొనుక్కుని టీకొట్టుకు తీసుకెళ్తున్నారని తర్వాత ఫోన్ చేసి చెప్పారు. కొట్టతను మొదట విసుక్కుని, ఇప్పుడు వీళ్ళ గ్లాసులు చూసి నవ్వుతున్నాడట.

టీచర్లకు ఒక మాట. మా బడుల్లో ఐదో తరగతి పిల్లలతో నీటి దారి గీయిస్తున్నాం. బడి బోరింగు కాడి మురికి నీళ్ళు ఏ వాగులో పడతాయి? తాలిపేరా, కిన్నెరసానా? ఆ వాగు గోదావరిలో ఎక్కడ కలుస్తుంది? గోదావరి ధవళేశ్వరం దాటి ఎన్ని పాయలై సముద్రంలో పడుతుంది? అంతర్వేది దగ్గర, కోరింగ మడ అడవుల దగ్గర ఎవరు బతుకుతున్నారు? పిల్లలు వాగు పేర్లు కోయలో రాస్తారు, ఊళ్ళ పేర్లు తెలుగులో రాస్తారు. చార్టు పొడవు చాలక ఇంకో చార్టు అతికించాల్సి వస్తుంది. ఖర్చు రెండు చార్టులు, ఒక స్కెచ్‌పెన్ను పెట్టె. మీ బడిలో కూడా గీయించండి. చివర్న సముద్రం దగ్గర ఊరికే నీలం రంగు పూసి వదలొద్దు. ఒడ్డున నిలబడ్డ మనిషిని కూడా గీయమనండి.