ఇంటి నడిమధ్యన ఆకాశం!

రైల్లో నరసాపురం చేరి, రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి అవతలి గట్టే సఖినేటిపల్లి. మనుషులతోపాటు కార్లూ మోటారు సైకిళ్లూ నది దాటుతుంటాయి. వేసవి సెలవుల చివర్లో పిన్నులు, బాబాయిలు, వదినలు, పిల్లలతో మా బలగమంతా సముద్రం చూద్దామని బయల్దేరాం. బస కోసం అంతర్వేది వెళ్లే దారిలో ఓ పాత మండువా లోగిలి అద్దెకు తీసుకున్నాం. అలాంటి ఇంట్లో ఉండడం ఇంత బాగుంటుందని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం!

వీధి అరుగు దాటి లోపలికి అడుగుపెడితే నెత్తిన ఆకాశం! నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి, నట్టింట నలుచదరంగా ఖాళీ వదిలేసింది. అదే మండువా. దాని చుట్టూ బర్మా టేకు స్తంభాలు, వాటి వెనక వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. వేడిగాలి మండువాలోంచి పైకి పోతుంటే, కొబ్బరితోటల మీదుగా సముద్రపు గాలి వీధి గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. ఏసీ ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. మేం పరుపులు లాగేస్తుంటే ఇంటి మామ్మగారు నవ్వేశారు. "కంగారు పడకండమ్మా, వాన మండువాలోకే దిగుద్ది. తూములోంచి పెరట్లోకి పోద్ది" అన్నారు. అచ్చంగా అలాగే జరిగింది! నాలుగు చూరుల నుంచీ ధారలు. పిల్లలు మండువాలో తడిసి గంతులేస్తుంటే పెద్దవాళ్లం వసారాలో కూర్చుని తాటిముంజెలు తిన్నాం. మా మీద చుక్క పడలేదు.

హోటల్లో అయితే తలుపు వేసుకున్నాక ఎవరి లోకం వారిది. ఇక్కడ ఏ గదిలోంచి బయటికొచ్చినా మండువా దగ్గర తేలాల్సిందే. ఒకరు కూరలు తరుగుతుంటే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, మూడోవారు కబురు అందుకుంటారు. ఉమ్మడి కుటుంబం కోసం కట్టిన ఇల్లు మా గుంపుకి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా అమిరిపోయింది. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర, రాత్రికి చేపల పులుసు. పంక్తి భోజనాలంటే ఏమిటో మా పిల్లలకి ఇప్పుడు తెలిసింది.

ఇక సాయంత్రాలు అంతర్వేది. 19వ శతాబ్దంలో ఓడల యజమాని కోపనాతి కృష్ణమ్మ కట్టించిన లక్ష్మీనరసింహస్వామి ఆలయం, అక్కడినుంచి నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. గోదావరి నీటి రంగు ఎక్కడ ఆగి సముద్రపు రంగు ఎక్కడ మొదలవుతుందో కళ్లారా చూడొచ్చు! లైట్‌హౌస్ పైనుంచి చూస్తే ఒకపక్క నది, ఒకపక్క బంగాళాఖాతం, మిగతాదంతా కొబ్బరి తలలే.

1996 నవంబరు తుపానులో చుట్టూ తోటలు నేలకూలినా ఈ ఇల్లు నిలబడిందని మామ్మగారు గర్వంగా చెప్పారు. పాత ఇంటికి గాలివాన కన్నా పెద్ద బెడద, అందులో మనుషులు లేకపోవడం. వారసులు ఉద్యోగాలకి ఊళ్లు దాటాక పెంకులు తిరగనేయించే వారుండరు, దూలాలకి చెద పడుతుంది, చివరికి పడగొట్టి శ్లాబు వేస్తారు. మనం కట్టే అద్దెతో ఆ తిరగనేత జరుగుతుంది. సెలవుల సరదా ఓ లోగిలిని నిలబెడుతుందంటే అంతకంటే మంచి ఖర్చేముంది?

వరదల రోజుల్లో పంటు ఆగిపోవచ్చు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి, లేదా చించినాడ వంతెన మీదుగా రండి. మీరు మాత్రం ఒకరిద్దరుగా రాకండి. అత్తయ్యలనీ బాబాయిలనీ అందరినీ పోగేసుకుని రండి. మా పిన్ని అప్పుడే భీష్మ ఏకాదశికి, స్వామివారి కల్యాణం నాటికి, ఇదే ఇల్లు కావాలని మామ్మగారి దగ్గర మాట తీసేసుకుంది!