సముద్రం కనిపించే గది

నేను కాపురానికొచ్చి 38 ఏళ్ళు. ఈ 38 ఏళ్ళలో మేము చాలా ఊళ్ళే తిరిగాం. అయితే ఏ ఊళ్ళో ఎక్కడ దిగాలన్నది మాత్రం ఏనాడూ నా చేతిలో లేదు. తిరుపతి వెళ్తే దేవస్థానం వాళ్ళిచ్చిన గది, కాశీ వెళ్తే ఎవరో చెప్పిన సత్రం, భిలాయి వెళ్తే మా బావగారింటి హాల్లో పరిచిన చాప. కిటికీ ఎటువైపుంటే బాగుంటుందని నన్నెవరూ అడగలేదు. స్నానాల గదికి గడియ ఉంటే అదే పదివేలనుకునేదాన్ని.

అలాంటిది, కిందటేడు మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, "అమ్మా, నువ్వూ నాన్నగారూ అండమాన్ వెళ్ళి రండి. టిక్కెట్లు నేను తీస్తాను. హోటలు మాత్రం నీకు నచ్చింది నువ్వే చూసుకో" అన్నాడు.

నాకు నచ్చిందా! ఏం చెప్పాలో తోచక మా వారి దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, ఎలాంటి హోటలు చూడమంటారు?"

"నీ ఇష్టం" అన్నారు, పేపరులోంచి తలెత్తకుండానే.

పెళ్ళయిన ఆడవాళ్ళకి ఈ మాటకి అర్థం నేను చెప్పక్కర్లేదు. బాగుంటే మనం వెళ్ళినట్టు, బాగుండకపోతే నువ్వు తీసుకెళ్ళినట్టు.

నిజానికి నా మనసులో ఒక కోరిక ఉంది. మా వారు రాజమండ్రి మనిషి. కుర్రతనంలో గోదావరిలో దూకి లంక దాకా ఈదుకుంటూ వెళ్ళొచ్చేవారట. పెళ్ళయిన కొత్తలో ఆ కథ నెలకోసారన్నా వినేదాన్ని. రెండేళ్ళ క్రితం మోకాలి ఆపరేషను అయిన దగ్గర్నుంచి ఆ కథ మానేశారు. నీళ్ళలో దిగొచ్చని డాక్టరు గారు చెప్పినా సరే, ఇంట్లో స్నానాల గదిలో కూడా గోడ పట్టుకునే నడుస్తారు. ఆయన్ని ఒక్కసారి నీళ్ళలో నిలబడగా చూడాలని నా ఆశ. ఆ మాట పైకి అంటే అసలు బయల్దేరరు. అందుకని పంచాంగం తీసి, "మాఘ పౌర్ణమికి సముద్రస్నానం చాలా మంచిదటండీ" అన్నాను. పుణ్యం పేరు చెబితే మా ఇంట్లో ఏ ప్రయాణమైనా తేలిగ్గా కుదురుతుంది.

ముందు ఏ దీవి అన్నది తేలాలి. విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అక్కణ్ణుంచి అందరూ పడవలో వెళ్ళే దీవులు ముఖ్యంగా రెండు, హేవ్‌లాక్, నీల్. వీటికి 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. పటం తీసి చూద్దును కదా, హేవ్‌లాక్‌లో ఊళ్ళు గోవిందనగర్, విజయనగర్, శ్యామనగర్, కృష్ణానగర్, రాధానగర్! నీల్‌లోనేమో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్! దేశవిభజన తర్వాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కాందిశీకులకి ఈ దీవుల్లో భూములిచ్చి స్థిరపరిచారు. ఒక దీవి భాగవతం, ఇంకో దీవి రామాయణం.

"సీతాపూర్‌లో సూర్యోదయం బాగుంటుందట" అన్నారు మా వారు పేపరు పక్కన పెట్టి.

"వద్దండీ. ఆ మహాతల్లి పడ్డ పాట్లు చాలవూ? సరదాకి వెళ్తూ ఆ పేరెందుకు?" అని భాగవతం దీవే ఖాయం చేశాను.

ఇక హోటళ్ళు. ఫోనులో ఎలా వెతకాలో మా కోడలు నేర్పింది. ఎన్ని చూసినా అదే కొబ్బరిచెట్టు, అదే ఊయల, ఊయల్లో అదే టోపీ పెట్టుకున్న అమ్మాయి. కింద, ఉండి వచ్చినవాళ్ళ అభిప్రాయాలు. ఒకాయన "స్వర్గం" అన్నాడు. అదే హోటలుకి ఇంకొకావిడ "పెరుగు పులిసింది" అని అయిదు చుక్కల్లో ఒక్క చుక్కే ఇచ్చింది. స్వర్గంలో పెరుగు పులవకూడదా ఏం?

నాలుగు రోజులు చూశాక నాకు బోధపడిందేమిటంటే, ఫోటోల్లో ఉన్నవాటి కంటే లేనివాటినే బాగా చూడాలి. గుమ్మం ఫోటో లేదంటే మెట్లు చాలా ఉన్నాయన్నమాట. స్నానాల గది ఫోటో లేదంటే ఇక అడక్కండి. "బీచికి రెండు నిమిషాలు" అంటారు. ఎవరి కాళ్ళకి? పాతికేళ్ళ కుర్రాడికా, మా వారికా?

పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో ప్రశ్నలు రాసుకున్నాను. కింది గదేనా? గుమ్మానికి మెట్లెన్ని? స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? కరెంటు పోతే జనరేటరు రాత్రంతా వేస్తారా? శాకాహారం విడిగా వండుతారా? సాయంత్రం ఇసకలో చిన్న చిన్న ఈగలు కుడతాయట, కిటికీలకి తెరలున్నాయా? ఆ దీవుల్లో మడ అడవుల కాలవల్లో ఉప్పునీటి మొసళ్ళుంటాయి కనక, మీ ఒడ్డున స్నానం చెయ్యనిస్తారా? ఈ పట్టీతో మూడు హోటళ్ళకి ఫోను చేశాను. ఇద్దరు విసుక్కున్నారు. మూడో హోటలు కుర్రాడు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్న "సముద్రం మీ గుమ్మం ముందే మేడమ్" అన్నాడు.

ఆ మాటకి కరిగిపోయాను. విజయనగర్ ఒడ్డున, తూర్పుముఖంగా ఉన్న గది. "అమ్మా, పేరున్న బీచి రాధానగర్ కదా!" అన్నాడు మా అబ్బాయి. నిజమే. ఆసియాలోకెల్లా మంచి బీచి అని 2004లో టైమ్ పత్రిక మెచ్చుకున్నది దాన్నే. కానీ అది పడమటి ఒడ్డు. పైగా నేను చూసిన గదులకీ నీళ్ళకీ మధ్య ఇసకలో చాలా దూరం నడవాలి. ఆసియాలో ఎవరు మెచ్చుకుంటే ఏం, మా వారి మోకాలు మెచ్చుకోవాలి కదా!

పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం మూడింటికి హోటలు చేరాం. తలుపు తీసి చూద్దును కదా, సముద్రం లేదు!

ఎదురుగా నల్లటి రాళ్ళు, పాచి, మడుగులు, వాటిలో పరుగులు పెడుతున్న పీతలు. రెండు పడవలు పక్కకి ఒరిగి నేలమీద పడుకుని ఉన్నాయి. నీళ్ళు ఎక్కడో దూరాన సన్నటి నీలం గీతలా కనిపిస్తున్నాయి. ఆ రాళ్ళమీద నడవడం నావల్లే కాదు, ఇక ఆయనెక్కడ నడుస్తారు?

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. 38 ఏళ్ళకి ఒక్క గది ఎంచుకోమంటే సముద్రం లేని గది ఎంచుకున్నాను. ఇక జన్మంతా చెప్పుకుంటారు. మా వారు చేతికర్ర మీద ఆనుకుని కాసేపు ఆ రాళ్ళ వంక చూసి, "పోన్లే, కాఫీ తెప్పించు" అన్నారు. "నీ ఇష్టమన్నాను కదా" అని దెప్పుతారనుకున్నాను. దెప్పలేదు. పైగా ఆ గొంతులో, ఇక నీళ్ళలో దిగక్కర్లేదన్న నిశ్చింత వినిపించింది. అది నన్ను దెప్పుడు కంటే ఎక్కువ బాధపెట్టింది.

కాఫీ తెచ్చినతను మా మాటలు విని నిలబడిపోయాడు. "తెలుగోలా అమ్మా? మాదీ సికాకులమే. తాతల నాడొచ్చేసినాం" అన్నాడు. నా మొహం చూసి సంగతి గ్రహించినట్టున్నాడు. "ఇప్పుడు పాటు తల్లీ. పున్నమికీ అమాసకీ పాటు ఎంత తీసేస్తాదో పోటు అంత వచ్చేస్తాది. రాత్రి తొమ్మిది దాటనియ్యండి. మల్లీ రేపు పొద్దున్న పది గంటలకి" అని ధైర్యం చెప్పి వెళ్ళాడు.

సముద్రానికి ఆటుపోట్లుంటాయని నాకు తెలీక కాదు. దాదాపు ఆరేసి గంటలకి పోటూ పాటూ మారతాయని చిన్నప్పుడు చదువుకున్నదే. పాలు ఎన్నింటికి పోస్తావని పాలవాణ్ణి అడుగుతాం, ఎన్నింటికొస్తావని పనిమనిషిని అడుగుతాం. సముద్రం ఎన్నింటికొస్తుందని అడగడం మాత్రం నా పట్టీలో లేదు.

అక్కడ పొద్దు త్వరగా వాలుతుంది. అయిదున్నర కాకుండానే సూర్యుడు మా వెనక చెట్లలోకి దిగిపోయాడు. అప్పటికే తూర్పున, ఆ దూరపు నీళ్ళ మీద చంద్రుడు లేచి ఉన్నాడు. చీకటి పడేకొద్దీ మడుగులన్నీ ఒక్కొక్కటే వెలిగాయి. వరండాలో కూర్చుని చూస్తూండగానే ఒక మడుగు ఇంకో మడుగుతో కలిసింది. పడుకున్న పడవ కదిలింది. తొమ్మిదిన్నరకి అలల చప్పుడు మా మెట్ల దగ్గరే వినిపించింది. "గోదారి వరదల్లో ఇంతే, చూస్తూండగా వచ్చేసేది" అన్నారు మా వారు. రెండేళ్ళ తర్వాత ఆ నోట గోదావరి మాట.

మర్నాడు పౌర్ణమి. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా రాళ్ళన్నీ మునిగిపోయాయి. గుమ్మానికి ఇరవై అడుగుల్లో నీళ్ళు. దిగొచ్చా అని హోటలువాళ్ళని మళ్ళీ అడిగి, నేను ముందు దిగి చెయ్యి చాచాను. ఆయన చేతికర్ర చెట్టుకి ఆనించి, నా భుజం పట్టుకుని ఒక్కో అడుగే వేశారు. మోకాళ్ళ దాకా వచ్చాక ఆగిపోయారు. నేనేమీ అనలేదు. కాసేపటికి నా భుజం మీద బరువు తగ్గింది. చూస్తే చెయ్యి తీసేసి నడుం లోతులో నిలబడి ఉన్నారు. "ఉప్పునీళ్ళు మనిషిని ఎలా తేలుస్తాయో చూశావా!" అని నాకే పాఠం చెప్పారు. ఈత కొట్టలేదు లెండి. మూడు మునకలు వేశారు. నాకంతే చాలు.

రాధానగర్ కూడా చూశాం. ఎంతో బాగుంది. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారని, విమానానికి ముందురాత్రే పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాం. ఈ జాగ్రత్త మీరూ పాటించండి. మే చివర్నుంచి వానాకాలంలో అయితే మరీను.

మొన్న కాఫీ తాగుతూ మా వారు, "ఈ ఏడు ఎక్కడికి?" అన్నారు.

"మీరే చెప్పండి" అన్నాను.

"నీ ఇష్టం" అన్నారు. ఈసారి పేపరు మడిచి, నా మొహం చూసి మరీ అన్నారు.

లేచి వెళ్ళి ముందు పంచాంగం తెచ్చుకున్నాను. హోటలు సంగతి తర్వాత.