ఏలూరు రోడ్డు పాత కంప్యూటర్లు

విజయవాడ ఏలూరు రోడ్డులోను, గవర్నరుపేటలోను ఉన్న డీటీపీ కేంద్రాలు 1990ల చివరి నుంచి చాలాకాలంపాటు అచ్చుకు సిద్ధం చేసిన తెలుగు పుస్తకాల్లో అనేకం పేజీమేకరు అనే పుట కూర్పు సాఫ్ట్‌వేరులో, ‘అను’ అనే పేరుగల తెలుగు ఖతులతో (ఫాంట్లతో), విండోస్ 98 లేదా విండోస్ ఎక్స్‌పీ నడిచే కంప్యూటర్ల మీద తయారైనవి. సీసపు అక్షరాల కాలంలో పుస్తకాన్ని మళ్లీ వేయాలంటే మళ్లీ కంపోజు చేయవలసి వచ్చేది. ఆఫ్‌సెట్ వచ్చాక లేజర్ ప్రింటరు నుంచి తీసిన ట్రేసింగులను ప్రచురణకర్త బీరువాలో దాచుకునేవాడు. ఆ ట్రేసింగులు పసుపెక్కి చిట్లిపోయిన తరువాత పునర్ముద్రణకు మిగిలిన ఏకైక ఆధారం డీటీపీ కేంద్రంలో మూలనున్న ఆ పాత కంప్యూటరు హార్డ్ డిస్కే. అందుచేత ఆ కంప్యూటరును ఏం చేయాలన్నది యంత్రానికి సంబంధించిన ప్రశ్నగా కాక, తెలుగు పుస్తకానికి సంబంధించిన ప్రశ్నగా చూడటమే న్యాయం.

ఫైళ్లను మాత్రం ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంటే చాలునన్న అభిప్రాయం ప్రచురణ రంగంలో విస్తారంగా ఉంది, అది పొరపాటు. యూనికోడ్, అంటే ప్రపంచంలోని లిపుల అక్షరాలన్నింటికీ స్థిరమైన సంఖ్యలు కేటాయించే ప్రమాణం, 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చినా పేజీమేకరుకు ఆ ప్రమాణం తెలియదు. అందువల్ల ఆనాటి తెలుగు ఖతులు ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గడుల్లో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు, తలకట్టు లేని హల్లులు వంటి ముక్కలను అమర్చాయి; ఆపరేటరు ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు పద్ధతిలో మీట నొక్కినప్పుడు ఖతితోపాటు వచ్చిన టైపింగు సాఫ్ట్‌వేరు ఆ ముక్కలను పేర్చి తెలుగు అక్షరాన్ని తెరమీద నిలిపేది. ఆ ఖతి లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని రోమన్ అక్షరాల బారులు తప్ప మరేమీ కనిపించవు. అంటే పుట ఫైలులో మాత్రమే లేదు; ఆపరేటింగ్ సిస్టమ్, పేజీమేకరు, ఖతి, టైపింగు సాఫ్ట్‌వేరు అనే నాలుగూ ఒకచోట, ఒకదానికొకటి సరిపడే కూర్పుల్లో కలిసి ఉన్నప్పుడే అది పుట అవుతుంది.

ఈ ముక్కల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటి ప్రయోజనం గొప్పది. అవి పాఠాన్ని వెతకడానికి, పలుచోట్ల చదవడానికి వీలైనదిగా చేస్తాయి. అయితే మార్పిడిలో వత్తుల వరస అక్కడక్కడ తారుమారవుతుంది కనుక మళ్లీ ప్రూఫు దిద్దవలసిందే. పైగా మారేది పాఠమే కాని పుట కాదు. పంచాంగంలోని గడులు, నిఘంటువులోని రెండు కాలమ్‌లు, వ్యాకరణ గ్రంథంలోని పట్టికలు, చివరి పదసూచికలోని పుటసంఖ్యలు ఇవన్నీ కొత్త ఖతి కొలతలతో చెదిరిపోతాయి. కాబట్టి మార్పిడి చేయించుకున్న ప్రచురణకర్త కూడా పాత పుటను పాత రూపంలో తెరవగల ఏర్పాటును వదులుకోకూడదు.

ఆ ఏర్పాటే వర్చువల్ మెషీన్. ఒక కంప్యూటరులో ఉండే ప్రాసెసరు, జ్ఞాపకం, డిస్కు, తెర మొదలైనవాటిని సాఫ్ట్‌వేరుతో అనుకరించి, ఆ అనుకరణ లోపల మరొక ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అది నిజమైన యంత్రం మీదనే నడుస్తున్నట్లు నడిపించే పద్ధతికి ఆ పేరు. ఐబీఎం సంస్థ పెద్ద కంప్యూటర్ల కోసం 1960లలోనే దీన్ని రూపొందించి, 1972లో వీఎం/370 పేరుతో వాడుకదారులకు అందించింది. సామాన్య కంప్యూటర్లకు ఇది 1999లో వీఎంవేర్ ద్వారా చేరింది. 2007లో ఉచితంగా వెలువడిన వర్చువల్‌బాక్స్‌తో డీటీపీ కేంద్రానికి కూడా ఖర్చు లేని పనిగా మారింది.

తరలింపులో అన్నిటికంటె జాగ్రత్త కోరేది మొదటి మెట్టు. పాత డిస్కు నుంచి ఫైళ్లను ఏరుకోవడం కాక, డిస్కు మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు వరకు ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా నకలు తీయాలి. దీన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. పదిహేను, ఇరవై ఏళ్ల డిస్కును, అందులోను కృష్ణాతీరపు ఉక్కపోతలో ఏసీ లేని గదుల్లో నడిచిన డిస్కును, పదేపదే ఆన్ చేసి చూడటం ప్రమాదకరం కనుక దాన్ని పాత కంప్యూటరు నుంచి విప్పి, ఐడీఈ తీగను యూఎస్‌బీకి కలిపే అడాప్టరు ద్వారా ఒక కొత్త కంప్యూటరుకు తగిలించి, డీడీరెస్క్యూ వంటి సాధనంతో నకలు తీయడం ఉత్తమం. ఆ సాధనం సులువుగా చదవగల భాగాలను ముందు కాపాడి, మొరాయించే సెక్టార్ల దగ్గరకు ఆ తరువాతే తిరిగి వస్తుంది; ఎక్కడిదాకా చదివిందో ఒక పట్టీలో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా ఆగినచోట నుంచి కొనసాగించవచ్చు. ఆనాటి డిస్కుల్లో చాలావాటి సామర్థ్యం 40 లేదా 80 గిగాబైట్లే కాబట్టి ఆ నకలు నేటి సాధారణ డిస్కులో ఒక మూలకు సరిపోతుంది.

ఆ నకలును వర్చువల్ మెషీన్‌కు డిస్కుగా చూపి నడిపించినప్పుడు ఎక్స్‌పీ తరచుగా నీలి తెరతో, 7బి అనే లోపసంఖ్యతో ఆగిపోతుంది. నకలు చెడిందని ఇక్కడ నిరాశపడనవసరం లేదు. డిస్కుతో మాట్లాడే చిప్పుకు ఎక్స్‌పీ తన స్థాపన నాడే తగిన డ్రైవరును, అనగా ఆ చిప్పును నడిపే చిన్న ప్రోగ్రామును, ఎంచి నమోదు చేసుకుంటుంది. వర్చువల్‌బాక్స్ అనుకరించేది 1990ల నాటి ఇంటెల్ చిప్పును గనుక, ఆ పేరు నమోదులో లేకపోతే ఎక్స్‌పీ తన డిస్కునే తాను తెరవలేకపోతుంది. సాధారణ ఐడీఈ డ్రైవర్లను రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలను రాసుకునే పట్టికలో, చేర్చితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

ఎక్స్‌పీ తెరుచుకున్న తరువాత ఎదురయ్యే ఒక సూక్ష్మం పుస్తకం పనివారికే తెలిసేది. పేజీమేకరు ఒక పుటను కూర్చేటప్పుడు ఏ ప్రింటరు కోసం కూరుస్తున్నదో గుర్తుంచుకుంటుంది. ఆ ప్రింటరు లేకపోతే వేరొకదాని కోసం మళ్లీ కూర్చాలా అని అడుగుతుంది. అందుకు సరేనంటే పంక్తులు విరిగే చోట్లు మారి, ఒక పేరా చివరి మాట మరుసటి పుటకు జారి, అధ్యాయమంతా కదిలే అవకాశం ఉంది. అందుచేత కేంద్రంలో ఆ లేజర్ ప్రింటరు ఎప్పుడో పాత సామానులో కలిసిపోయినా, దాని డ్రైవరును మాత్రం వర్చువల్ మెషీన్‌లో తొలగించకుండా ఉంచాలి. ఆ డ్రైవరు ద్వారానే పుటలను కాగితానికి బదులు ఫైలులోకి ముద్రించి, ఖతిని లోపలే ఇముడ్చుకునే పీడీఎఫ్‌గా మార్చుకుంటే, ప్లేటు తయారీకి ఆనాటి పుట ఆనాటి కొలతలతోనే చేతికి వస్తుంది.

లైసెన్సు విషయం వేరు. కంప్యూటరుతోపాటు వచ్చిన ఎక్స్‌పీ హక్కు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. విడిగా కొన్న ప్రతిని మరో యంత్రానికి మార్చుకోవచ్చు. యంత్రభాగాలు మారినట్లు గమనించిన ఎక్స్‌పీ ధ్రువీకరణ కూడా మళ్లీ కోరుతుంది. కొన్ని టైపింగు సాఫ్ట్‌వేర్లకు ఉండే హార్డ్‌వేర్ లాకు, అనగా కంప్యూటరు వెనుక తగిలిస్తే తప్ప ప్రోగ్రామును నడవనీయని చిన్న తాళం, యూఎస్‌బీది అయితే వర్చువల్ మెషీన్‌కు అందించడం తేలిక, ప్రింటరు పోర్టుకు తగిలించేది అయితే కష్టం.

ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో నిలిచిపోయాయి కనుక వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ కలపకూడదు. ఫైళ్ల రాకపోకలకు ఉమ్మడి ఫోల్డరు చాలు. మొదట తీసిన ముడి ఇమేజ్‌ను మార్పు చేయకుండా విడిగా భద్రపరచి, ప్రయోగాలన్నీ దాని నకలు మీదనే సాగించాలి. వర్చువల్‌బాక్స్ వాడుకలోంచి పోయినా, ప్రాసెసర్ల రకమే మారినా, పాత ప్రాసెసరును సైతం సాఫ్ట్‌వేరుతో అనుకరించే క్యూఈఎంయూ వంటి సాధనాలకు ఆ ముడి ఇమేజే ఆధారమవుతుంది. ఇక దాని ఒక ప్రతి తప్పనిసరిగా కృష్ణా డెల్టాకు వెలుపల ఉండాలి: 2024 సెప్టెంబరు తొలి వారంలో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, దాని పరిసరాల్లో నేల అంతస్తులు రోజుల తరబడి నీటిలో ఉన్న సంగతి తెలిసినవారికి, నేలమీద పెట్టే సీపీయూ పెట్టెలో ఒక ప్రచురణ సంస్థ ముప్పై ఏళ్ల శ్రమ ఉండటం ఎంత భయంకరమో వివరించనవసరం లేదు.

యంత్రం పని ఇంతటితో పూర్తవుతుంది. ఆపరేటరు పని మిగిలి ఉంటుంది. ఒకే పుస్తకానికి ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్త’, ‘కరెక్షన్స్ తరువాత’ అన్న పేర్లతో ఉన్న ఫోల్డర్లలో అచ్చుకు వెళ్లినది ఏదో, ఏ గ్రంథానికి ఏ ఖతి ఏ కూర్పు వాడారో, ఆఖరి ప్రూఫులో ట్రేసింగు మీద అతికించి దిద్దిన మాటలు ఫైలులో చేరాయో లేదో డిస్కు చెప్పదు. ఆ సంగతులు తెలిసినవారు ఆ కేంద్రాల్లో ఇప్పటికీ పనిచేస్తున్న, లేదా ఇటీవలే మానుకున్న ఆపరేటర్లు. ప్రచురణకర్త వారిని పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, వర్చువల్ మెషీన్ ముందు కూర్చోబెట్టి, పుస్తకం తరువాత పుస్తకంగా ఆ వివరాలను యూనికోడ్ తెలుగులో ఒక సాదా ఫైలుగా రాయించి, దాన్ని డిస్క్ ఇమేజ్ పక్కనే ఉంచాలి.