మౌనంగా ఉంటే మాఫియానేనా?

పదిమంది ఒకచోట చేరి, నెట్ స్లోగా ఉందంటే చాలు, ఎవరో ఒకరు చీటీలు రాయడం మొదలుపెడతారు. కాలేజీ టూర్ బస్సు కావచ్చు, హాస్టల్ రూమ్ కావచ్చు, పండక్కి అమ్మమ్మగారింటి డాబా కావచ్చు. ఆట మాత్రం మాఫియానే. నాలుగేళ్లుగా ఆడుతున్నాను. అందులో నాకో రికార్డు కూడా ఉంది: దాదాపు ప్రతిసారీ మొదటి పగలే నేను ఔట్. కారణం కూడా ఎప్పుడూ ఒకటే. "అది ఏం మాట్లాడట్లేదు చూడండి, కచ్చితంగా అదే!"

నేను మామూలుగానే తక్కువ మాట్లాడతాను. చీటీలో ఏం వచ్చినా అంతే.

ఇంకా ఆడనివాళ్ల కోసం ఆట ఎలాగో చెబుతాను. పదిమంది ఉన్నారనుకోండి. ఒకరు ‘గాడ్’. ఆయన ఆడడు, ఆడిస్తాడు. మిగతా తొమ్మిదిమందికీ చీటీలు పంచుతారు. ఇద్దరు మాఫియా, ఒక డాక్టర్, ఒక డిటెక్టివ్, ఐదుగురు మామూలు జనం. చీటీ ఎవరికీ చూపించకూడదు. "రాత్రయింది" అని గాడ్ అనగానే అందరూ కళ్లు మూసుకోవాలి. ముందు మాఫియా ఇద్దరే కళ్లు తెరిచి, ఒకరినొకరు చూసుకుని, ఎవరిని లేపేయాలో సైగ చేస్తారు. తర్వాత డాక్టర్ లేచి ఎవరిని కాపాడాలో చూపిస్తాడు. చివరగా డిటెక్టివ్ ఒకరిని చూపిస్తే, వాళ్లు మాఫియానో కాదో గాడ్ తలూపి చెబుతాడు. తెల్లారాక రాత్రి ఎవరు పోయారో ప్రకటిస్తారు. అక్కడి నుంచి అరుపులు, వాదనలు, ఓటింగ్. ఎక్కువ ఓట్లు పడ్డవాళ్లు చీటీ చూపించి బయటికెళ్లాలి. మాఫియా ఇద్దరూ దొరికితే జనం గెలిచినట్టు. మాఫియా సంఖ్య, మిగిలిన జనం సంఖ్య సమానమైతే మాఫియా గెలిచినట్టు.

ఈ ఆట పుట్టింది మాస్కోలో. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ చదువుతున్న దిమిత్రీ దవిదోవ్ దీన్ని తయారుచేశాడు. విషయం తెలిసిన కొద్దిమందికీ, ఏమీ తెలియని ఎక్కువమందికీ మధ్య పోటీ పెడితే ఏమవుతుందన్నదే ఆటకి మూలం. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ మాఫియాని తీసేసి, రాత్రిపూట తోడేళ్లయ్యే మనుషుల్ని పెట్టాడు. అదే ‘వేర్‌వుల్ఫ్’. ఇక 2018లో వచ్చి, 2020 లాక్‌డౌన్‌లో అందరి ఫోన్లలోకీ దూరిన ‘అమాంగ్ అస్’ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మన చాటింగ్‌లోకి ‘సస్’ అనే మాట జోరుగా వచ్చింది దాంతోనే.

చీటీలు దాచుకుని కనిపెట్టే ఆటలు మనకీ కొత్త కాదు. చిన్నప్పుడు రాముడు-సీత ఆడే ఉంటారు. రాముడి చీటీ వచ్చినవాళ్లు అందరి ముఖాలూ చూసి సీత ఎవరో చెప్పాలి. మాఫియాలో తేడా ఏంటంటే, ఇక్కడ ఊరంతా రాముడే. అందరూ కలిసి వెతకాలి, అందరూ కలిసి ఓటేయాలి. తప్పు పడితే పోయేది మార్కులు కాదు, మనిషే.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మొదటి రాత్రి ఒకరు పోతే మిగిలేది ఎనిమిదిమంది. అందులో ఇద్దరు మాఫియా. ఊరికే ఒక పేరు చెబితే అది సరైనదయ్యే ఛాన్స్ నాలుగింట ఒక వంతే. అంటే ఆధారం లేకుండా మొదటి పగలు వేసే ఓటు ఎక్కువసార్లు అమాయకుడి మీదే పడుతుంది. పైగా మౌనం ఆధారం ఎలా అవుతుంది? ఓటు తమ మీదకి రాకుండా తిప్పాల్సిన అవసరం మాఫియాకి ఉంటుంది. తిప్పాలంటే మాట్లాడాలి కదా!

మొన్న సంక్రాంతికి గాడ్‌గా కూర్చున్న మా పెద్దక్క రెండు కొత్త రూల్స్ పెట్టింది. ఒకటి, ఓటుకి ముందు ప్రతి ఒక్కరికీ అరనిమిషం. ఆ అరనిమిషం మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు. రెండు, ఎవరి పేరైనా చెబితే కారణం చెప్పాలి. వాళ్లు అన్న మాటో, వేసిన ఓటో చూపించాలి. "మాట్లాడట్లేదు", "నవ్వింది", "ముఖం అదోలా ఉంది" అంటే చెల్లదు.

"ఏంటక్కా, కోర్టు పెట్టావా?" అని బావ గొణిగాడు. కానీ ఆ మొదటి పగలు ఎవరి దగ్గరా సరైన కారణం లేక ఎవరూ ఔట్ కాలేదు. రెండో రాత్రి మా తమ్ముడు పోయాడు. తెల్లారాక నా వంతు వచ్చింది. "నిన్న బావ పేరు చెప్పింది తమ్ముడొక్కడే. రాత్రి పోయింది వాడే" అన్నాను. "నన్ను ఇరికించడానికే అలా చేశారు" అన్నాడు బావ. అదీ నిజం కావచ్చు. కానీ నిన్న ఆయన ఇద్దరి మీద అనుమానం పెట్టి, కారణం అడిగితే రెండుసార్లూ మాట మార్చాడని మరదలు గుర్తుచేసింది. ఏడుగురిలో నాలుగు చేతులు లేచాయి. బావ చీటీ తీశాడు. మాఫియా!

ఆ ఆట చివరికి మేం ఓడిపోయాం లెండి. రెండో మాఫియా మా చిన్నపిన్ని. అందరికీ జంతికలు పంచుతూ ఆవిడ చివరిదాకా దొరకలేదు.

ఈ రూల్స్ నాకు ఎందుకు అంత నచ్చాయో చెప్పాలి. పోయినేడాది మేముండే హాస్టల్లో ఒకమ్మాయి ఇయర్‌బడ్స్ పోయాయి. సాయంత్రానికల్లా రూమ్‌లో అందరి నోటా ఒకే పేరు. కొత్తగా చేరిన అమ్మాయి, ఎవరితోనూ కలవదు. "అది సైలెంట్‌గా ఉంటుంది కదా, అదే అయ్యుంటుంది" అన్నారు. ఆ మాట నాకు బాగా తెలుసు, ఎన్నిసార్లు విన్నానో! "ఇంకేమైనా కారణం ఉందా? ఎవరైనా చూశారా?" అని అడిగాను. ఎవరూ చూడలేదు. విషయం అక్కడితో ఆగింది కానీ, ఆ అమ్మాయి నెల తిరక్కుండానే రూమ్ మారిపోయింది. ఇయర్‌బడ్స్ ఎవరు తీశారో ఇప్పటికీ తెలీదు.

ఆటలో అయితే ఓడినవాళ్లు చీటీ చూపిస్తారు. "అయ్యో, నువ్వు కాదా!" అని నవ్వుకుని, తర్వాతి రౌండ్ ఆడతాం. ఆ అమ్మాయి దగ్గర చూపించడానికి చీటీ ఏదీ లేదు.

ఈసారి ఆడేటప్పుడు పెద్దక్క రూల్స్ పెట్టి చూడండి. అరనిమిషం అందరికీ ఇవ్వండి. ఎవరు ఎవరికి ఓటేశారో గుర్తుపెట్టుకోండి, ముఖాల కంటే అదే ఎక్కువ చెబుతుంది. జంతికలు పంచేవాళ్ల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.